తీగ నిట్రాళ్ళు

చేతికి ఏ వస్తువు వచ్చినా ముందు దాని అతుకులు చూడటం నా అలవాటు. లాంతరు గానీ, తీగ బుట్ట గానీ, పెళ్ళిలో ఎవరో ఇచ్చిన దీపపు స్టాండు గానీ, వెనక్కి తిప్పి తీగ మీద తీగ కలిసిన చోట వేలు పెట్టి చూస్తాను. మాటు, అంటే సీసం కరిగించి వేసే అతుకు, సరిగా పడితే ఆ చోటు నున్నగా, నీటిబొట్టు నిలిచినట్టు మెరుస్తుంది. పడకపోతే బూడిదరంగులో, గరుకుగా, ముద్ద కట్టి ఉంటుంది. అలాంటివాటి మీద వెండిరంగు పూసి అమ్ముతారు. ఆ వెండిరంగు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. దుకాణంలోనే అనేస్తాను. మా ఆవిడ నా చొక్కా లాగి "మీకెందుకు, నడువున్రి" అంటుంది. నా జన్మలో నేను చూసిన అతి దరిద్రపు మాటు ఒకటుంది. దాని మీద వెండిరంగు పూసింది నేనే. ఈ సంగతి ఆమెకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

అరవై తొమ్మిది ఉద్యమం నాటికి నేను జనగామలో గది తీసుకుని చదువుకుంటున్నాను. మాది రఘునాథపల్లి దగ్గర పల్లె. తిండికీ బట్టకూ లోటు లేని వ్యవసాయం. కాలేజీలు మూతపడ్డాయి. ఊరేగింపుల్లో ముందు వరుసలో నడిచాను. మా కొలువులు మాకే కావాలని గొంతు పోయేదాకా అరిచాను. స్టేషను రోడ్డులో మోకాలి మీద లాఠీ పడింది. ఆ మచ్చ చూపించుకుని తర్వాత చాలా ఏళ్ళు చాలామంది దగ్గర గొప్పలు పోయాను. ఆ మచ్చ మాట మళ్ళీ వస్తుంది.

కాలికి కట్టు కట్టించుకుని ఊరికి పోయి మూలన పడ్డ ఆ నెలల్లోనే నాకు విమానం పిచ్చి పట్టింది. అంతకు ముందెప్పుడో పట్నంలో పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద ఒక మడత కాగితం కొన్నాను. అందులో ఒక బొమ్మ విమానం నమూనా గీసి ఉంది. పాతకాలపు విమానం, ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలు. పై రెక్కను కింది రెక్క మీద ఎత్తి పట్టేవి సన్నని తీగలు. మా పల్లెలో గుడిసె కప్పును మోసే గుంజను నిట్రాడు అంటారు. ఆ తీగలు చేసే పనీ అదే.

సైకిలు పుల్లలు తెచ్చాను. గట్టి ఉక్కు, పట్కారుతో ఎంత ఒత్తినా స్ప్రింగులా వెనక్కి వస్తుంది. పెద్ద తెలివిగా వాటిని పొయ్యిలో పెట్టి ఎర్రగా కాల్చాను. చెప్పినట్టు వంగాయి. మా అమ్మ "గా చువ్వలు పొయ్యిల వెట్టకురా, అన్నం కాడ ఇనుం వాసనొస్తుంది" అని మొత్తుకుంది. వంగిన పుల్లలను దారంతో చుట్టి, మైదాపిండి జిగురు పూసి నిలబెట్టాను. తెల్లారి చూస్తే పై రెక్క కింది రెక్క మీద బోర్లా పడుకుని ఉంది. కాల్చి చల్లార్చిన ఉక్కులో సత్తువ ఉండదని నాకు తెలియదు. జిగురుకు చీమలు పట్టాయి. మా బాపు ఆ చీమల కుప్పను కాలితో పక్కకు నెట్టి "గీ పుల్లలతోని ఏమైతదిరా? సదువు లేకుంటె పొలం కాడికన్న రా" అన్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది గానీ, ఆ విమానం మీద అసహ్యం అంతకంటే ఎక్కువ వచ్చింది. దాన్ని పెంట మీద పారేసి కాగితం మాత్రం దాచుకున్నాను.

చదువు అయిపోయాక కొన్నేళ్ళకు మహబూబాబాద్‌లో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ ఊరిని అందరూ మానుకోట అంటారు. ఆ బడిలో ల్యాబు అంటే ఒక గది, రెండు బీరువాలు, ఎలుకల వాసన. గాజు సీసాల మీద వేలు పెడితే జిడ్డు. ముక్కాలి పీటలు మూడింటిలో రెండు కుంటివి. స్టాకు రిజిస్టరులో మాత్రం అన్నీ బాగున్నాయి.

ఒకరోజు పాఠానికి ముక్కాలి పీట కావలసి వచ్చి బీరువా తెరిస్తే మూడూ నిటారుగా నిలబడి ఉన్నాయి. విరిగిన కాళ్ళకు సన్నని రాగి తీగ వరస తప్పకుండా చుట్టి, దాని మీద మాటు వేసి ఉంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య గోరు కూడా పోదు. ఎవరు చేశారని అడిగితే మా అటెండరు తలుపు దగ్గర నిలబడి "నేనే సారూ, ఊకె వడి ఉన్నయి గద అని" అన్నాడు.

అతనిది ఊరి బయటి తండా. ఇంట్లో లంబాడీ మాట, బడిలో మా మాట. ఏడో తరగతి దాకా చదివాడు. తండ్రితో పాటు అంగళ్ళు తిరుగుతూ గొడుగులు, లాంతర్లు, స్టవ్వులు బాగు చేసిన చెయ్యి అది. బడిలో గంట కొట్టడం, నీళ్ళు మోయడం, చాయ్ తేవడం అతని పని. పేరుకు అటెండరు, అదీ పర్మినెంటు కాదు. సెలవులు వస్తే కూలికి పోవాలి. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. నేను అతన్ని నువ్వు అనేవాణ్ణి. అతను నన్ను మీరు అనేవాడు. అందులో తప్పుందని ఆ రోజుల్లో నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకు ముందు పై అధికారి బడులు తిరిగి నమూనాలు ఎంపిక చేస్తాడని కబురు వచ్చింది. నేను నా మడత కాగితం తీశాను. అటెండరు దాన్ని నేల మీద పరుచుకుని, అక్షరాలు వదిలేసి గీతలు మాత్రం చాలాసేపు చూశాడు. తర్వాత తీగల మీద వేలు పెట్టి "గివి నిట్రాళ్ళు గదా సారూ. గివి గట్టిగుంటె అన్నీ ఉన్నట్టే" అన్నాడు. నేను కాలేజీ చదువులో నేర్చుకున్నదంతా అతను ఆ ఒక్క మాటలో తేల్చేశాడు.

రెక్కలకు వెదురు బద్దలు, పైన పతంగి కాగితం, ముక్కుకు జీలుగు బెండు. తీగలకు సైకిలు పుల్లలు వద్దని పాత గొడుగు పుల్లలు తెచ్చాడు. పొయ్యి మాట ఎత్తనివ్వలేదు. చెక్కలో మేకు దిగగొట్టి, పుల్లను దాని చుట్టూ నెమ్మదిగా తిప్పేవాడు. కావలసినదానికంటే కొంచెం ఎక్కువ వంచేవాడు. వదిలితే ఆ కొంచెం అదే వెనక్కి వచ్చి సరిగ్గా గీత మీద కూర్చునేది. "ఇనుముకు జర అలగనియ్యాలె సారూ" అనేవాడు.

అతుకు పని చూసినన్ని రోజులు నాకు ఆ ల్యాబు కంపు కూడా గుర్తు రాలేదు. వ్యవసాయ మోటారు కాలిపోతే తీసి పారేసిన రాగి తీగ తెచ్చేవాడు. దాని మీది పూతను కాల్చి, గీకి, తళతళలాడించేవాడు. రెండు పుల్లలు కలిసే చోట దాన్ని చుట్టేటప్పుడు పెదవుల కింద తన భాషలో లెక్కపెట్టుకునేవాడు. టార్చిలైటు పాత సెల్లు చీల్చి, దాని తొడుగు ముక్కలు యాసిడ్‌లో వేసి, పొంగు తగ్గేదాకా ఆగి, సీసం పట్టేందుకు ఆ నీళ్ళు కోడి ఈకతో అతుకు మీద రాసేవాడు. స్టవ్ మీద కాల్చిన సలాక రాగి మొన ఆనించి సీసం చూపిస్తే, అది చుట్ల మధ్యకు తనంతట తానే పాకిపోయేది. చల్లారాక సోడా నీళ్ళతో కడిగేవాడు. కడగకపోతే పది రోజుల్లో తుప్పు లేస్తుంది. చివరికి అతుకు మీద గోరుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు.

ఎడమ పక్క రెండు జతలు, కుడి పక్క రెండు జతలు. ప్రతి జతలో రెండు నిలువు తీగలు, వాటి మధ్య ఒక ఏటవాలు తీగ. జతకు రెండు మాటులు, మొత్తం ఎనిమిది. ఏడు అతను వేశాడు.

ఎనిమిదోది నేను వేస్తానన్నాను. పేరుకు నా నమూనా, నా చెయ్యి ఒక్కటైనా పడొద్దా అనిపించింది. అతను సలాక నా చేతికిచ్చి "మాటు సల్లారేదాక ఊపిరి గూడ తియ్యకున్రి సారూ. కదిలిందంటె పుచ్చిపోతది" అన్నాడు. సీసం పోశాను. సరిగ్గా అప్పుడే బయట ఎవరో కేక వేస్తే తల తిప్పాను. చెయ్యి కదిలింది. మాటు బూడిదరంగులో గట్టిపడింది. అతను గోరుతో కొట్టి విని "గిది జర మళ్ల జేద్దాం సారూ" అన్నాడు. పిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. అదే నాకు ఎక్కడో పొడుచుకుంది. "అక్కర్లేదు, గట్టిగనే ఉంది" అన్నాను. అతను ఇంటికి పోయాక కిటికీ ఊచలకు కొని తెచ్చిన వెండిరంగు డబ్బా తెరిచి ఆ ఒక్క మాటు మీద పూశాను. ఒక్కటే మెరిస్తే తెలిసిపోతుందని మిగతా ఏడింటి మీద కూడా పూశాను. అంత అందమైన పనిని ఆ రంగు కింద కప్పేశాను.

ఈ మధ్యలోనే ఇంకో సంగతి ఉంది. మా బడిలో క్రాఫ్టు టీచరు పోస్టు రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. చేతిపని వచ్చిన మనిషి దొరికితే సర్టిఫికెట్లు తర్వాత చూసుకుని ముందు తాత్కాలికంగా వేసుకునే అధికారం ఆ వచ్చే అధికారికి ఉందని హెడ్మాస్టరే చెప్పాడు. నేనే అటెండరుతో అన్నాను, "నీ పని ఆయనకు చూపిస్త. నేనే చెప్త." చేతిలో పుల్ల వంచడం ఆపి, "నా ఆడామె కూలికి భూపాలపల్లి దిక్కు పోదామంటున్నది సారూ. గీ నౌకరి ఐతె ఈడనే ఉంటం. పోరగాళ్ల సదువు ఆగదు" అన్నాడు. మళ్ళీ మర్నాడు పొద్దున అడిగాడు, "నిజంగనే చెప్తరా సారూ?" చెప్తానన్నాను. మోకాలి మీది మచ్చ గుర్తొచ్చి కొంచెం గర్వపడ్డాను కూడా. మన వాడికి మన కొలువు ఇప్పించబోతున్నానని.

అధికారి వచ్చే పొద్దున నేను బడికి పోయేసరికి ల్యాబు నిండా ఊదుబత్తి పొగ. హెడ్మాస్టరు స్నానం చేసి, పట్టు కండువా వేసుకుని విమానానికి పూజ చేస్తున్నాడు. రెక్కల మీద పసుపు, కుంకుమ బొట్లు. పతంగి కాగితం మీద తడి వేలిముద్రలు. బెండు ముక్కులో రెండు ఊదుబత్తులు గుచ్చాడు. పై రెక్క మీద, నీళ్ళలో ముంచి తీసిన బంతిపూల దండ. ఏనుగు మెడలో వేసే దండ అది. మొత్తం విమానం దండలో సగం కూడా తూగదు.

"సార్, దండ తియ్యున్రి!" అని అరిచాను.

"ఏందివయా, కొత్త సైకిల్ కొంటె పూజ చెయ్యమా? కొత్త బోరింగు వేస్తె చెయ్యమా? గిది మాత్రం బండి కాదా?" అని ఆయన కొబ్బరికాయ నేలకు కొట్టాడు. నీళ్ళు ఎగిరి ఎడమ రెక్క మీద పడ్డాయి. లెక్కల సారు పాన్ నములుతూ చప్పట్లు కొట్టాడు. అందరూ కొబ్బరి ముక్కలు పంచుకుని, అవే చేతులతో రెక్కలు పట్టుకుని ఊపి చూశారు. నాకు ఆ క్షణంలో ఆ గదిలో ఉన్న ప్రతి మనిషి మీదా రోత పుట్టింది. వాళ్ళ భక్తి మీద, వాళ్ళ జిడ్డు చేతుల మీద, ఆ తడి పూల మీద.

టక్కున ఒక చప్పుడైంది. పై రెక్క ఎడమ పక్కకు ఒరిగింది. ఎనిమిది మాటుల్లో ఒకటే ఊడింది. ఏది ఊడిందో నేను వంగి చూడనక్కర్లేదు.

"శకునం మంచిగ లేదు" అన్నాడు హెడ్మాస్టరు. దండ వేసింది తనేనన్న సంగతి ఆయన మొహంలో ఎక్కడా లేదు. "మాటు వేసుడు రాలె మీ ఇద్దరికి" అని కూడా అన్నాడు. మా ఇద్దరికీ అన్నాడు. ఊడింది నేను వేసిన మాటు అని చెప్పలేదు. అప్పటికే ఒకసారి అమ్ముడుపోయానని ఇప్పుడు చూస్తే అనిపిస్తుంది.

అటెండరు దండ తీసి పక్కన పెట్టాడు. ఊడిన చోటు చూశాడు. వెండిరంగు కింద నా బూడిదరంగు ముద్ద కనబడింది. నా వైపు తల ఎత్తలేదు. స్టవ్ వెలిగించి, రంగు గీకి, పాత సీసం కరిగించి తుడిచేసి, కొత్తగా రాగి తీగ చుట్టి మాటు వేశాడు. ఆ తొందరలో కూడా కడగడం మరిచిపోలేదు. గోరుతో కొట్టి విన్నాడు. "అయింది సారూ" అని చేతులు తుడుచుకుంటుండగానే బయట జీపు ఆగింది. హెడ్మాస్టరు అతన్ని "చాయ్ తే, ఉరుకు" అని తరిమాడు.

అధికారి కోస్తా నుంచి వచ్చినవాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. బల్లల మీద మిగతా నమూనాలు చూసి మొహం చిట్లించుకుంటూ వచ్చాడు. చూసినవి అట్టముక్కల అగ్నిపర్వతాలు, సబ్బు నురగల జలపాతాలు. ఆయన చిట్లింపు చూసి నాకు ఆయన మీద గౌరవం కూడా కలిగింది. విమానం దగ్గర ఆగాడు. కుంకుమ బొట్లు చూసి నవ్వాడు. తర్వాత వంగి, రెక్కల మధ్య తల పెట్టి, ఇప్పుడే వేసిన మాటు మీద వేలు పెట్టి చూశాడు. దాని ఒక్కదాని మీదే రంగు లేదు.

"అబ్బ! ఇంత నాజూకు పని నేనీ ప్రాంతంలో చూళ్ళేదండీ. ఈ అతుకులు ఎవరు పెట్టారు మాస్టారూ?"

గదిలో అందరూ నా వైపు చూశారు. చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉంది. రెండు రోజులుగా మనసులో చెప్పుకుంటూ వచ్చిన మాటే. అతని పేరు, అతని తండా, చెయ్యి ఎంత మంచిదో. కానీ ఆయన మొహంలో నా మీద మెప్పు కనబడింది. ఆ ఎలుకల కంపు ల్యాబులో ఏళ్ళ తరబడి రిజిస్టర్లు రాసినవాడికి ఆ చూపు ఎలా ఉంటుందో చెప్పలేను. ఒళ్ళంతా వెచ్చగా పాకింది.

"నేనేనండీ" అన్నాను.

ఆ 'అండీ' కూడా నాది కాదు. మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అలా అనరు. ఆయన మాట ఆయనకే అప్పజెప్పాను.

అప్పుడు గుమ్మం దగ్గర గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినబడింది. అటెండరు చాయ్ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అధికారికి ఏం అనుమానం వచ్చిందో, అతని వేళ్ళకు అంటిన మసి కనబడిందో ఏమో, అతన్ని అడిగాడు. "ఏమోయ్, నిజంగా మీ మాస్టారే చేశారా? నువ్వేమైనా చెయ్యి వేశావా?"

అటెండరు నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. అందులో కోపం ఉంటే నేను ఇన్నేళ్ళు ఇంత బాధపడేవాణ్ణి కాదు. నేను ఇంకో మాట చెప్తానేమోనని చూశాడు. చెప్పడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది. నేను బల్ల మీది కొబ్బరి చిప్ప వైపు చూశాను.

"అవు సార్. సారే జేసిండు. నేను స్టవ్ గొట్టిన, గంతే."

"జేసిండు! గంతే!" అని అధికారి ముక్కుతో సాగదీసి అనుకరించాడు. పగలబడి నవ్వాడు. హెడ్మాస్టరు నవ్వాడు, లెక్కల సారు నవ్వాడు. వాళ్ళందరూ అట్లా మాట్లాడేవాళ్ళే. నేనూ నవ్వాను. నా మోకాలు పగలగొట్టించుకున్నది ఆ నవ్వుకు ఎదురుగా నిలబడే కదా. ఆ నవ్వులో నా గొంతు కలిసిన సంగతి తలుచుకుంటే నాకు నా మీద పుట్టే అసహ్యానికి మాట లేదు. అటెండరు అందరికీ చాయ్ అందించాడు. నా గ్లాసు మీద మీగడ తీసి ఇచ్చాడు, నాకు మీగడ పడదని అతనికి తెలుసు.

పోయేముందు అధికారి క్రాఫ్టు పోస్టు మాట ఎత్తాడు. "మీలాంటి వాళ్ళు సైన్సులో ఉన్నారు, బాగుంది. చేతిపని తెలిసిన మనిషి ఇంకొకడు దొరికితే ఇక్కడే వేసేద్దును. ఎవరూ లేరన్నమాట" అన్నాడు. హెడ్మాస్టరు లేరన్నాడు. రెండు నెలలకు ఎక్కడి నుంచో ఒకాయన క్రాఫ్టు టీచరుగా వచ్చి చేరాడు. మేకు కొట్టమంటే వేలు కొట్టుకునేవాడు.

జిల్లాలో విమానానికి ప్రశంసాపత్రం వచ్చింది, నా పేరు మీద. అటెండరుతో ఆ విషయం మాట్లాడాలని రోజూ అనుకునేవాణ్ణి. రోజూ అతను నమస్తే పెట్టేవాడు, నేను రిజిస్టరులోకి తల దూర్చేవాణ్ణి. వేసవి సెలవులు అయ్యాక గంట కొట్టింది వేరే మనిషి. భార్యాపిల్లలతో భూపాలపల్లి పోయాడని తండా వాళ్ళు చెప్పారు. ఆ కొత్త మనిషి గంట ఎప్పుడూ ఒక దెబ్బ ఎక్కువ కొట్టేవాడు.

కొన్నేళ్ళకు నాకూ భూపాలపల్లికే బదిలీ అయింది. అప్పటికి అక్కడ బొగ్గు పని మొదలై ఊరు పెరుగుతోంది. లారీల దుమ్ము, బొగ్గు మసి, అన్నం గిన్నె మూత తీస్తే దాని మీద కూడా నల్లటి పొర. ఉతికిన బట్ట సాయంత్రానికి మురికి. నన్ను తిట్టుకుంటూ బతకడానికి తగిన ఊరే దొరికిందని అనుకున్నాను. నాకంటే ముందు నా ప్రశంసాపత్రం కథ అక్కడికి చేరింది. వచ్చిన వారానికే అందరూ నన్ను విమానం సారు అన్నారు. అక్కడి హెడ్మాస్టరమ్మ, మంచి మనిషి, "మన బడి కూడా ప్రదర్శనకు పోవాలె. మీ విమానం మళ్ల చేయున్రి" అంది. వద్దనే మొహం నాకు లేదు.

చేశాను. మేకు చుట్టూ వంచాను, కొంచెం ఎక్కువే వంచాను. రాగి తీగ చుట్టాను. సెల్లు తొడుగు యాసిడ్‌లో వేశాను. చూసి నేర్చుకున్నదంతా తలలో ఉంది, వేళ్ళలో లేదు. ఎనిమిది మాటులూ బూడిదరంగులోనే పడ్డాయి. గోరుతో కొడితే పగిలిన కుండలా పలికాయి. మూడుసార్లు ఊడదీసి వేశాను. మూడుసార్లూ అంతే.

బస్సులు ఆగే చోట స్టవ్వులు బాగు చేసే మనిషి ఉన్నాడని, మంచి చెయ్యి అని ఎవరో చెప్పారు. ఎవరై ఉంటాడో నాకు తెలుసు. అయినా పోయాను. తీగలు సంచిలో వేసుకుని, దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి, మళ్ళీ పోయాను.

రేకు కప్పు కింద గోనెపట్టా పరుచుకుని కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. చుట్టూ స్టవ్ బర్నర్లు, గొడుగు పుల్లలు. ఒక్క చూపులో గుర్తుపట్టాడు. "సారూ! కూసోన్రి, కూసోన్రి" అని తను కూర్చున్న పట్టా సగం నాకు జరిపాడు. పిల్లల సంగతి అడిగాను. పెద్దవాడు తట్ట మోస్తున్నాడని చెప్పాడు. చదువు ఎక్కడ ఆగిందని నేను అడగలేదు. సంచిలోంచి తీగలు తీశాను. అతను నా మాటులను అటూ ఇటూ తిప్పి చూశాడు. స్టవ్ గాలి కొట్టి, సలాక కాల్చి, వాటిని ఒక్కొక్కటే విప్పేశాడు.

"గీ చివర పట్టుకోన్రి సారూ. కదలకున్రి."

పట్టుకున్నాను. పెదవుల కింద లెక్కపెడుతూ రాగి తీగ చుట్టాడు. సలాక ఆనించాడు. సీసం పాకింది. రోడ్డు మీద లారీ హారను మోగింది. నేను తల తిప్పలేదు. ఊపిరి కూడా తియ్యలేదు. అది చల్లారేదాకా ఆగి, ఇంక ఆగలేక అన్నాను, "ఆనాడు నేను చేసింది పాడుపని. ఈసారి పెద్దసార్లు వచ్చి అడిగితే మీ పేరే చెప్త. అందరి ముందట చెప్త."

మీరు అనడం అదే మొదటిసారి. అతను అది విన్నాడో లేదో తెలియదు. సలాక మొనను తడి గుడ్డకు తుడుస్తూ నవ్వాడు. నిజంగానే నవ్వాడు, అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు.

"వద్దు సారూ. మీరే జేసిన్రని చెప్పున్రి. నా పేరు జెప్తె నన్ను పిలిపిస్తరు. పిలిపిచ్చి చాయ్ తెమ్మంటరు."

మాటును గోరుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, నా అరచేతిలో పెట్టాడు. నున్నగా మెరుస్తోంది. వేలు పెట్టి చూడటానికి నాకు చెయ్యి రాలేదు.